కుక్కల పోటీ చూసి నవ్వేముందు

మొన్న పండక్కి మా తమ్ముడు వచ్చినప్పుడు భోజనాలయ్యాక టీవీలో ఓ ఇంగ్లీషు సినిమా పెట్టాడు. "అక్కా, నవ్వలేక చస్తావు చూడు" అన్నాడు. పేరు 'బెస్ట్ ఇన్ షో'. 2000లో వచ్చింది. క్రిస్టఫర్ గెస్ట్ అనే ఆయన తీశాడు. ఇంటిల్లిపాదీ నవ్వారు. మా ఆయనైతే కళ్ళు తుడుచుకుంటూ మరీ నవ్వారు. నేనూ నవ్వాను, సగం దాకా. ఆ తర్వాత నాకు నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. చదివి కొందరికి కోపం రావచ్చు. రానివ్వండి. ముందు నామీద నాకే వచ్చింది.

సినిమా చూడనివాళ్ళ కోసం కథ చెబుతాను. చిన్నపిల్లలతో కూర్చుని చూసే సినిమా కాదని కూడా ముందే చెబుతున్నాను. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలో మేఫ్లవర్ డాగ్ షో అని ఒకటి జరుగుతుంది. అలాంటి షో నిజంగా లేదు, సినిమా కోసం పుట్టించారు. కానీ తీయడం మాత్రం అచ్చం డాక్యుమెంటరీలాగే తీశారు. మనుషులు కెమెరా ముందు కూర్చుని తమ గురించీ తమ కుక్క గురించీ చాలా సీరియస్‌గా చెప్పుకుంటూ ఉంటారు. దీన్ని మాక్యుమెంటరీ అంటారట. మాటలు కూడా చాలావరకు రాసుకున్నవి కావు, నటులు అప్పటికప్పుడు అనుకుని చెప్పినవే. అందుకే మన పక్కింటివాళ్ళు మాట్లాడుతున్నట్టుంటుంది.

ఆ పోటీకి రకరకాల వాళ్ళు బయల్దేరతారు. ఫ్లోరిడా నుంచి జెర్రీ, కుకీ అనే మధ్యతరగతి దంపతులు వింకీ అనే చిన్న టెరియర్‌ని తీసుకుని వస్తారు. ఓ ముసలి కోటీశ్వరుడి పడుచు భార్య తన తెల్ల పూడిల్‌తో వస్తుంది. ఆ కుక్క కిందటి రెండుసార్లూ గెలిచింది. దాన్ని నడిపించడానికి జీతమిచ్చి ఓ మనిషిని పెట్టుకుంది. నార్త్ కరొలినా నుంచి చేపల గాలాలూ ఎరలూ అమ్ముకునే ఒకాయన తన బ్లడ్‌హౌండ్‌తో వస్తాడు. ఇంకో జంట జుట్టు దువ్వి రిబ్బన్లు కట్టిన షిట్జూతో వస్తుంది. ఇక మెగ్, హామిల్టన్ అనే దంపతులు. వీళ్ళ గురించే నేను చెప్పబోయేది. పళ్ళకి క్లిప్పులు పెట్టుకున్న ఇద్దరు పెద్దవాళ్ళు. ఎదురెదురుగా ఉన్న రెండు స్టార్‌బక్స్ కాఫీ షాపుల్లో కూర్చుని ఒకర్నొకరు చూసుకుని ప్రేమించుకున్నామని మురిసిపోతూ చెప్పుకుంటారు. వాళ్ళ కుక్క బియాట్రిస్. సినిమా మొదలవ్వడమే వీళ్ళు బియాట్రిస్‌ని మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళడంతో మొదలవుతుంది. తమ ఏకాంతంలో అది తమని చూసిందనీ, అప్పట్నుంచీ దిగులు పడిపోయిందనీ వాళ్ళ బాధ.

బియాట్రిస్‌కి పసుపూ నలుపూ చారల తేనెటీగ బొమ్మ ఒకటుంటుంది, బిజీ బీ అని. అది నోట్లో ఉంటే తప్ప ఆ కుక్కకి మనశ్శాంతి ఉండదని వీళ్ళ నమ్మకం. సరిగ్గా పోటీకి ముందు ఆ బొమ్మ కనపడదు. ఇక చూడండి! ఒకరిమీద ఒకరు అరుపులు, హోటల్‌కి పరుగులు, కుక్కల సామాన్లమ్మే కొట్టుకి పరుగులు. కొట్టువాడు పాపం ఉన్నవన్నీ చూపిస్తే అదికాదు ఇదికాదని వాడిమీద కేకలు. కుక్క మాత్రం మామూలుగానే ఉంటుంది. వణికిపోతున్నది మనుషులు. కానీ ఎంతసేపని? ఆ వణుకు తాడు పట్టుకుని కుక్కలోకి దిగుతుంది. రింగులోకి వెళ్ళాక బియాట్రిస్ జడ్జి మీదికి ఎగబడుతుంది. పోటీలోంచి బయటికి పంపించేస్తారు.

ఆ సీను నడుస్తూండగా మావాళ్ళంతా పగలబడి నవ్వుతున్నారు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి నవ్వకుండా నావైపు తిరిగి మెల్లిగా ఒకే ఒక్క మాట అంది.

"అమ్మా, గజ్జెలు."

నాకు నవ్వు ఆగింది అక్కడే.

అది ఏడో తరగతిలో ఉన్నప్పుడు వేరే ఊళ్ళో కూచిపూడి పోటీలకి తీసుకెళ్ళాం. ఆటో దిగేటప్పుడు గజ్జెల సంచీ అందులోనే మర్చిపోయాం. ఎవరు మర్చిపోయారు? నేనే. కానీ ఆ గంటలో తప్పు నాది తప్ప అందరిదీ అయింది. మా ఆయన్ని అన్నాను. ఆటోవాణ్ణి తిట్టాను. పిల్లని "నీ వస్తువు నువ్వు చూసుకోవద్దా?" అన్నాను. అప్పటికే దానికి మేకప్ అయిపోయింది, జడకుప్పెలు పెట్టేశారు, కదలడానికి లేదు. పక్కనున్న అమ్మాయి, తన వంతు అయిపోయినవాళ్ళమ్మాయి, "నావి కట్టుకో" అని విప్పి ఇచ్చింది కూడా. మా పిల్ల చెయ్యి చాచింది. నేను వద్దన్నాను! అవి మనవి కావు, గురువుగారు పూజ చేసి ఇచ్చినవే కట్టుకోవాలి అని మా ఆయన్ని ఊరంతా తిప్పాను. చివరికి ఆ అమ్మాయి గజ్జెలే కట్టుకుని ఎక్కింది. ఎక్కేముందు గ్రీన్‌రూమ్ మూలలో వాంతి చేసుకుంది. స్టేజీ మీద మూడో జతిలో తాళం తప్పింది. ఏ ప్రైజూ రాలేదు. తిరుగుప్రయాణంలో బస్సులో నాలుగు గంటలు నేను దానితో మాట్లాడలేదు. పన్నెండేళ్ళ పిల్లతో! ఇంకో రెండు నెలలకి అది డాన్స్ మానేసింది. "దానికి ఇంట్రెస్ట్ లేదండీ" అని అందరికీ చెప్పుకున్నాను. ఇన్నేళ్ళూ నేనూ అదే నమ్మాను.

ఇప్పుడు చెప్పండి, మెగ్‌ని చూసి నేనెలా నవ్వను?

ఈ సినిమా కుక్కల పిచ్చివాళ్ళని వెక్కిరించే సినిమా అంటారు. మా తమ్ముడూ అదే అన్నాడు. నేనొప్పుకోను. కుక్కల పోటీలో అసలు ఏం చూస్తారో తెలుసుకుంటే మీరూ ఒప్పుకోరు. న్యూయార్కులో వెస్ట్‌మినిస్టర్ డాగ్ షో అని 1877 నుంచి జరుగుతోంది, ఇంగ్లండులో క్రఫ్ట్స్ 1891 నుంచి. అక్కడ ఒక కుక్కని పక్క కుక్కతో పోల్చరు. ప్రతి జాతికీ 'ఇలా ఉండాలి' అని కాగితం మీద రాసి పెట్టుకున్న కొలత ఒకటుంటుంది. చెవి ఇలా, తోక అలా, నడక ఇలా. జడ్జి వచ్చి పళ్ళు చూస్తాడు, వీపు తడుముతాడు, అటూ ఇటూ నడిపించి చూస్తాడు. కాగితం మీదున్న కుక్కకి ఎదురుగా ఉన్న కుక్క ఎంత దగ్గరగా ఉందో చూసి మార్కులేస్తాడు.

పళ్ళు చూడటం, నడిపించి చూడటం... ఎక్కడో విన్నట్టుందా? మన అమ్మమ్మల పెళ్ళిచూపులు గుర్తు రావట్లేదూ? "అమ్మాయీ, ఓసారి అలా నడిచి చూపించు." "జడ సొంతమేనా?" "ఓ పాట పాడమ్మా." మా అమ్మని కూడా నడిపించి చూశారట. ఆ సంగతి చెప్పినప్పుడల్లా డెబ్భై ఏళ్ళ వయసులో కూడా అమ్మ గొంతు మారిపోతుంది. మనం చదువుకున్నవాళ్ళం, ఆ పద్ధతి అనాగరికం అని దులిపేసుకున్నాం. మంచిదే. కానీ మన ఇంటికి నలుగురొస్తే ఏం చేస్తున్నాం? "చిన్నా, అంకుల్‌కి టేబుల్స్ చెప్పు." "బుజ్జీ, ఆ శ్లోకం చదువు." "మొన్న నేర్చుకున్న స్టెప్ వెయ్యి." వాడు సిగ్గుపడి కర్టెన్ వెనక దాక్కుంటే లాక్కొచ్చి మరీ నిలబెడతాం. పెళ్ళిచూపులు పోలేదు. పిల్లలకి ముందుకి జరిగాయి, అంతే.

కాగితం మీది కొలత కోసం కుక్కల ఒంటికి ఏం జరిగిందో కూడా చెప్పాలి. మన దేశంలో హచ్ ఫోన్ ప్రకటనలో పిల్లాడి వెనకాల తిరిగిన పగ్ కుక్క గుర్తుందిగా? ఎంత ముద్దుగా ఉండేది! ఆ నొక్కుకుపోయిన మొహం మనకి ముద్దు, దానికి మాత్రం ఊపిరాడదు. అలా ఉంటేనే అందం అని తరాలు తరాలుగా ఏరి ఏరి పెంచారు. 2008లో బీబీసీలో ఈ జాతి కుక్కల జబ్బుల మీద ఒక డాక్యుమెంటరీ వచ్చి పెద్ద గొడవైంది. ఆ తర్వాత ఏడాది క్రఫ్ట్స్ పోటీల ప్రసారాన్నే బీబీసీ వదులుకుంది. కుక్కకి ఊపిరాడటం లేదని గుర్తించడానికి వాళ్ళకి ఒక డాక్యుమెంటరీ కావలసి వచ్చింది. గ్రీన్‌రూమ్‌లో వాంతి చేసుకున్న పిల్లని చూసి నాకేమో "అయ్యో, చీర పాడవలేదు కదా" అనిపించింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాను.

ఇదంతా మా పెద్దాడపడుచుతో అంటే ఆవిడ కొట్టిపారేశారు. "పోటీ లేకపోతే పిల్లలు ఎదుగుతారా? సింధు అమ్మానాన్నా అలా అనుకుని ఉంటే మనకి ఒలింపిక్ మెడల్ వచ్చేదా? నువ్వు మరీ మెత్తనైపోతున్నావు" అన్నారు. ఈ మాట మీ ఇళ్ళల్లో కూడా ఎవరో ఒకరు అనే ఉంటారు. కాబట్టి సమాధానం చెబుతాను.

వదినగారూ, సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ ఆటగాళ్ళు. తండ్రి రమణగారికి అర్జున అవార్డు కూడా వచ్చింది. ఆ ఇంట్లో కాగితం మీద రాసిపెట్టి ఉన్న కొలత ఏమిటి? వాలీబాల్. కానీ 2001లో గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలవడం చూసి ఆ పిల్ల బ్యాడ్మింటన్ కావాలంది. వాళ్ళు సరే అన్నారు. ఆ తర్వాతే పొద్దున్నే లేవడాలూ, దూరాభారం అకాడమీకి తీసుకెళ్ళడాలూ. అంత కష్టపడ్డారు కాబట్టి మెడల్ వచ్చింది అంటే కాదనను. కానీ ఆ కష్టం ఎవరి కోరిక వెనకాల నడిచిందో కూడా చూడాలి కదా. రాకెట్ పిల్ల పట్టుకుంది, తల్లిదండ్రులు వెనక నడిచారు. మనమేమో తాడు మన చేతికి చుట్టుకుని ముందు నడుస్తున్నాం. నేను పోటీకి వ్యతిరేకం కాదు, తాడుకి వ్యతిరేకం.

మరి మనం ఎందుకిలా చేస్తాం? మనం చెడ్డవాళ్ళమా? కాదు. ఇంట్లో ఉండే ఆడదానికి జీతం స్లిప్పు లేదు, ప్రమోషన్ లేదు, ఏడాదికోసారి "బాగా చేశావమ్మా" అని కాగితం ఇచ్చే పై ఆఫీసరు లేడు. ఇరవై ఏళ్ళు వండి వడ్డించి ఉతికి ఆరేశాక, "ఏం చేస్తుంటారండీ?" అని అడిగితే "ఏం లేదండీ, ఇంట్లోనే" అంటాం. మనకంటూ ప్రోగ్రెస్ కార్డు లేదు కాబట్టి పిల్లల ప్రోగ్రెస్ కార్డు మీద మన పేరు వెతుక్కుంటాం. షోకేసులో వాళ్ళ కప్పులు పెట్టి, వాటి దుమ్ము మనమే తుడుస్తాం. నా బాధ నిజమే. కానీ ఆ బాధకి మందు పన్నెండేళ్ళ పిల్ల కాళ్ళకి కట్టకూడదు. మగవాళ్ళు తక్కువేం తినలేదు, హామిల్టన్ కూడా మెగ్‌తో సమానంగా అరుస్తాడు. "మావాడికి ర్యాంకు ఎంతో తెలుసా" అని ఆఫీసులో చెప్పుకునేది నాన్నలే. కాకపోతే దెబ్బ తగిలేటప్పుడు పిల్ల పక్కన ఉండేది మనం. అందుకే మనతోనే మాట్లాడుతున్నాను.

సినిమా చివర్లో ఒక సంగతి ఉంది, అది ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పోటీ అయ్యాక కొన్నాళ్ళకి మెగ్, హామిల్టన్ చాలా సంతోషంగా కనిపిస్తారు. కారణం? బియాట్రిస్‌ని వదిలించుకుని వేరే కుక్కని తెచ్చుకున్నారు. లోపమంతా ఆ కుక్కదేనట! హాల్లో మళ్ళీ నవ్వులు. నాకైతే ఒళ్ళు జలదరించింది. మనం పిల్లల్ని మార్చుకోం కదా అంటారా? పెద్దది డాన్స్ మానేసిన ఆరు నెలలకి నేను మా చిన్నవాణ్ణి అబాకస్‌లో చేర్చాను. తర్వాత ఒలింపియాడ్ కోచింగ్. పెద్దదాని డ్రాయింగ్ పుస్తకంలో ఏం వేస్తోందో ఒక్కసారి తెరిచి చూసిన గుర్తు లేదు. కానీ చిన్నవాడి ప్రతి సర్టిఫికెట్టూ లామినేషన్ చేయించాను. దీన్ని మార్చుకోవడం అనకపోతే ఏమనాలి? కుక్కని ఇంట్లోంచి పంపించారు. నేను పిల్లని ఇంట్లోనే ఉంచి పక్కన పెట్టాను.

అలాగని సినిమాలో మంచి లేదా అంటే ఉంది. చివరికి గెలిచేది వింకీ. కుకీ మోకాలికి దెబ్బ తగిలి నడవలేకపోతే, భర్త జెర్రీ రింగులోకి వెళ్ళాల్సొస్తుంది. ఆయనకి పుట్టుకతోనే రెండూ ఎడమ పాదాలే! ఆ మనిషి వంకరటింకరగా నడుస్తూనే ఆ చిన్న కుక్కని నడిపించి గెలుస్తాడు. అంతకుముందు క్రెడిట్ కార్డు పనిచెయ్యక హోటల్లో సామాన్ల గదిలో పడుకున్నారు. ఒకర్నొకరు తిట్టుకోలేదు, కుక్కని తిట్టలేదు. పోటీకి రాకముందే వింకీ మీద పాటలు కట్టుకుని పాడుకునేవాళ్ళు. గెలవకపోయినా పాడుకునేవాళ్ళేనని మనకి అర్థమవుతుంది. అయితే ఇక్కడ నాకు దర్శకుడితో ఒక పేచీ ఉంది. ప్రేమగా ఉన్నవాళ్ళకే కప్పు ఇచ్చేశాడు. "ప్రేమగా ఉంటే గెలుస్తారన్నమాట" అని మనలాంటివాళ్ళం దాన్ని కూడా ఓ చిట్కాగా రాసుకుంటాం. బయట అలా జరగదు. పిల్లని అరిచి, కొట్టి, ఏడిపించినవాళ్ళకి కూడా ఫస్ట్ ప్రైజులు వస్తాయి, బోలెడన్ని వస్తాయి. అయినా అలా చెయ్యకూడదు. గెలుపు కోసం కాదు, అది పిల్ల కాబట్టి.

ఇంకో విచిత్రం చెప్పనా? ఈ సినిమా చూసిన ఎన్‌బీసీ టీవీ పెద్ద ఒకాయనకి భలే ఆలోచన వచ్చిందట. 2002 నుంచి థాంక్స్‌గివింగ్ పండగ రోజున నేషనల్ డాగ్ షో అని నిజం కుక్కల పోటీని టీవీలో చూపించడం మొదలుపెట్టారు. ఎక్కడి పోటీ అనుకుంటున్నారు? ఫిలడెల్ఫియాదే! వెక్కిరించిన సినిమా చూసి అసలైన పోటీని పండగ కార్యక్రమం చేసేశారు. ఇది చదివినప్పుడు వాళ్ళని చూసి నవ్వుకున్నాను. తర్వాత ఆలోచిస్తే మనం ఎప్పుడూ చేసేది అదే. టీవీలో చిన్నపిల్లల డాన్స్ పోటీల్లో పిల్లలు ఏడుస్తుంటే "పాపం, ఆ తల్లిదండ్రులకి బుద్ధి లేదు" అంటాం. ఆ ప్రోగ్రాం అయ్యేలోపలే మన పిల్లాడితో "నువ్వూ నేర్చుకోకూడదూ?" అంటాం.

అందుకే మీ అందర్నీ అడుగుతున్నాను. పిల్లని ఏ పోటీకైనా పంపేముందు ఒక్కసారి, తలుపేసుకుని, నలుగురూ లేనప్పుడు అడగండి: "నీకు వెళ్ళాలనుందా?" అడిగి, "లేదు" అంటే ఆగిపోండి. బతిమాలొద్దు, లంచాలివ్వొద్దు, "ఈ ఒక్కసారికి" అనొద్దు. వెళ్తానంటే ఓడిపోయి వచ్చిన రోజు బస్సులో మాట్లాడండి. బజ్జీలు కొనిపెట్టండి. ఇంతకంటే నా దగ్గర సలహాలు లేవు.

నేను మా చిన్నవాణ్ణి అడిగాను. ఒలింపియాడ్ కోచింగ్ మానేస్తావా, ఉంటావా అని. వాడు నా మొహంలోకి చాలాసేపు చూశాడు, ఇదేమన్నా పరీక్షేమోనని. "మానేస్తే కోప్పడవుగా?" అన్నాడు. కోప్పడనన్నాను. మానేస్తానన్నాడు. కట్టిన ఫీజు తిరిగి ఇవ్వమన్నారు, పోతే పోయింది. వదినగారు నాలుగు రోజులుగా ఫోన్ చెయ్యలేదు.

నిన్న రాత్రి మా అమ్మాయి గదిలోకి వెళ్ళి, నీ డ్రాయింగ్ పుస్తకం చూపిస్తావా అని అడిగాను. "ఎందుకు, ఏదైనా కాంపిటీషన్ ఉందా?" అంది.

లేదన్నాను. అది ఇంకా పుస్తకం చూపించలేదు.